మూడు చక్రాలు లేని ఆటో

నేను ఒక ఆటోను. ఈ మాట వినగానే మీ కళ్ల ముందుకు మూడు చక్రాలు, నల్లటి టాపు, డ్రైవరు పక్కన సగం బయటికి ఒరిగి కూర్చున్న ఇద్దరు ప్రయాణికులు వచ్చి ఉంటారు. అందులో మీ తప్పేమీ లేదు. నా పేరు విని ఒక పెళ్లికూతురు కూడా అలాగే పొరబడింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నాకు చక్రాలు లేవు. అన్నం డబ్బా అంత రేకు పెట్టెను నేను. పొలంలో బోరు మోటారు కొట్టం ఉంటుంది కదా, అందులో మోటారు స్టార్టరు పక్కన గోడకు మేకులు కొట్టి నన్ను బిగిస్తారు. కంపెనీవాళ్లు నా ఒంటి మీద 'ఆటో స్టార్టర్' అని అచ్చు వేశారు. ఊళ్లో అంత పొడుగు పేరు పలికే ఓపిక ఎవరికీ లేదు. ఆటో అంటారు.

నా పని చిన్నది. మోటారు తిరగాలంటే మూడు తీగల మీదా కరెంటు రావాలి. ఆ మూడూ వచ్చిన క్షణాన, పక్కన మనిషి ఉన్నా లేకున్నా, పొలానికి నీళ్లు కావాలన్నా వద్దన్నా, మోటారును లేపుతాను. చెప్పిన వేళకు కరెంటు వచ్చే చోట నన్నెవరూ తయారు చెయ్యరు. రావలసిన మనిషి ఏ వేళకు వస్తాడో తెలియని ఇంట్లో తలుపు గడియ పెట్టకుండా దగ్గరికి వేసి పడుకుంటారు. నేను ఆ దగ్గరికి వేసిన తలుపులాంటి వస్తువును.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నలుగురు ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని రాగి తీగ చుట్టేవారు. చేతులు తీగ మీద, మాటలు ఇళ్ల మీద ఉండేవి. ఎవరి మరిది తాగి వచ్చాడో, ఎవరి బిడ్డకు జ్వరం తగ్గలేదో వింటూ నా లోపలి చుట్ట తయారైంది. ఆ రోజుల్లో రాష్ట్రంలో కరెంటు చాలక కార్ఖానాలకు వారంలో కొన్నాళ్లు సరఫరా ఆపేవారు. దానికి పవర్ హాలిడే అని పేరు. వినడానికి పండుగలా ఉంటుంది గాని ఆ రోజు కూలి ఉండదు. సరిగ్గా నన్ను పరీక్షించవలసిన రోజున ఆ సెలవు వచ్చింది. యజమాని విసుక్కుంటూ డీజిలు జనరేటరు తిప్పించాడు. కరెంటు కోసం కాచుకోవడానికి పుట్టినదాన్ని, పుట్టిన రోజే కరెంటు లేక కాచుకున్నాను.

అక్కడినుంచి గోదావరి వైపు ఒక చిన్న పట్నంలో మోటార్ల దుకాణానికి చేరాను. దుకాణదారుకు మోటార్ల కంటే మా అమ్మకమే ఎక్కువ. కరెంటు బాగుపడితే నా కొట్టుకు తాళమే అని నవ్వుతూ చెప్పేవాడు. నవ్వినా అది నిజమే.

ఒక మధ్యాహ్నం లస్మవ్వ వచ్చింది. కోనంపేటలో ఎకరన్నర వరి పొలం ఆమెది. వెనకే కొడుకు గంగారాం తల వంచుకుని నిలబడ్డాడు. ఆమె నుదుట బొట్టు తీసేసిన గుర్తు ఇంకా కొత్తగా ఉంది. ఆమె భర్త ఓదెలు పోయి కొద్ది రోజులే అయిందని దుకాణదారు తర్వాత ఎవరితోనో అంటుంటే విన్నాను. అప్పట్లో పొలాలకు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి కరెంటు ఇచ్చేవారు. రాత్రి వంతులో ఓదెలు మోటారు వెయ్యడానికి ఒంటరిగా పొలానికి వెళ్లాడు. ఒడ్డు మీద కాలికి ఏదో గుచ్చుకుంటే తుమ్మముల్లు అనుకుని ఉంటాడు. మోటారు వేశాడు, మడవ తిప్పాడు, ఒడ్డు మీదే కూర్చున్నాడు. తెల్లవారి చూస్తే కూర్చున్నవాడు పక్కకు ఒరిగి ఉన్నాడు. నీళ్లు మాత్రం మడి చివరిదాకా చక్కగా పారాయి.

లస్మవ్వ బేరం ఆడలేదు. "నా కొడుకు చీకట్ల బాయికాడికి పోకుంట ఏదన్న ఉంటే ఇయ్యి" అంది అంతే. దుకాణదారు నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు. నేను మోటారు నడిపే వస్తువుననే అనుకున్నాను. ఆమె మాత్రం నన్ను కొడుకుకు కాపలాగా కొనుక్కుంది.

గంగారాం నన్ను గోడకు బిగించాడు. నాకు అడుగున ఒక చిన్న గుండీ ఉంటుంది. దాన్ని తిప్పితే, కరెంటు రాగానే కాక కాసేపు ఆగి మోటారును లేపుతాను. ఎంత ఆగాలో మీ ఇష్టం. గంగారాం దాన్ని సున్నా మీద పెట్టాడు. ఊళ్లో అందరూ సున్నా మీదే పెట్టారు. భూమి కింద నీళ్లు అందరివీ ఒకటే. ముందు లేచిన మోటారుకు నాలుగు బిందెలు ఎక్కువ వస్తాయని ఒక నమ్మకం. అందరూ ముందే లేస్తే ఎవరూ ముందు కారని ఎవరికీ తట్టలేదు. తట్టినా చేసేదేమీ లేదు.

నాలోకి వచ్చే కరెంటు ఎక్కడిదని అడిగితే చెప్పలేను. రామగుండం వైపు బొగ్గు కాల్చి చేసింది కావచ్చు, శ్రీశైలంలో నీళ్లను చక్రాల మీద దూకించి చేసింది కావచ్చు, పక్క రాష్ట్రం నుంచి కొన్నది కావచ్చు. నా దగ్గరికి వచ్చేసరికి దానికి రంగూ రుచీ ఉండవు. మూడు తీగల మీద ఒక సన్నటి వణుకు, అంతే. వణుకు రాగానే నేను టక్కుమంటాను. భూమి లోపల మోటారు మూలుగుతుంది. పైపులోంచి మొదట గాలి, తర్వాత ఎర్రనీళ్లు, తర్వాత తెల్లనీళ్లు వస్తాయి. వాన కురుస్తున్నప్పుడు కూడా అంతే. నీళ్లు నిండిన మడిలోకే మళ్లీ నీళ్లు పోసి, ఒడ్డు పొర్లించి, బండ్లబాటను బురద చేసిన రోజులున్నాయి. ఆ బురదలో జారిపడినవాళ్లు గంగారాంను తిట్టారు గాని నన్నెవరూ అనలేదు. పెట్టెలకు ఉన్న సుఖం అదే.

ఇక పెళ్లి సంగతి. మధ్యవర్తి బుచ్చయ్య పట్నంలో బీడీలు చుట్టే ఒక ఇంటికి వెళ్లి, పిల్లవాడి గురించి చెప్పాడు. ఎకరన్నర తరి పొలం, బోరు, ఆటో ఉన్నాయి, పిల్లవాడు నెమ్మదస్తుడు అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ ఇంటివాళ్లకు మాత్రం మూడు చక్రాలు కనిపించాయి. పెళ్లికూతురు సుగుణకైతే ఆ ఆటోలో ముందు సీటు కూడా కనిపించింది. పుట్టింటికి బస్సు కోసం నిలబడే బాధ లేదనుకుంది. పొలం పండకపోయినా బండి కిరాయి ఉంటుందని ఆమె తల్లి తృప్తి పడింది.

కాపురానికి వచ్చిన నాలుగైదు రోజులకు సుగుణ ఇంటి వెనక, పశువుల కొట్టం పక్క, అంతా చూసింది. చివరికి అత్తను అడిగింది. ఆటో ఏడున్నదత్తమ్మా అంటే, బాయికాడ, అంటే పొలంలో, ఉన్నదని చెప్పింది లస్మవ్వ.

"అక్కడ వానకు తడ్వదా?"

"కొట్టంల ఉన్నది బిడ్డా. గోడకు మేకులు గొట్టి పెట్టినం."

గోడకు మేకులు కొట్టి పెట్టిన ఆటో ఎలా ఉంటుందో చూడాలని ఆ సాయంత్రమే ఆమె గంగారాం వెంట పొలానికి వచ్చింది. అతను నన్ను చూపించాడు. ఆమె నన్ను, అతన్ని, మళ్లీ నన్ను చూసింది. ఏడుస్తుందేమోనని గంగారాం భయపడ్డాడు. ఆమె నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక గడప మీద కూర్చుంది. ఈ కథ మరునాటికి ఊరంతా పాకింది. సుగుణ నెత్తిన గడ్డిమోపుతో వస్తుంటే, మీ ఆటోల రాకపోయినవా అని నాట్ల ఆడవాళ్లు అడిగేవారు. మా ఆటోకు సవారీలు వద్దు, ఉత్తగనే ఉరుకుతది అని ఆమె జవాబు. ఆ జవాబులో ఎంత నిజం ఉందో అప్పటికి ఆమెకూ తెలియదు.

మా పొలాలకు ఒకే ట్రాన్స్‌ఫార్మరు. చెరువు కట్టకు ఇవతల సిమెంటు గద్దె మీద ఉంటుంది. దాని మీద పదిహేడు మోటార్లు. ప్రతి మోటారుకూ నాలాంటి ఆటో. మోటారు లేచేటప్పుడు, నిలకడగా తిరిగేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. కూర్చున్న బర్రెను లేపేటప్పుడే కదా బలం కావాలి. కరెంటు వచ్చిన క్షణాన పదిహేడూ ఒక్కసారి లేచేవి. ట్రాన్స్‌ఫార్మరు మూలిగేది. ఒక్కోసారి ఫీజు కొట్టేసేది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయేది. కాలితే దాన్ని దింపి, ట్రాక్టరులో వేసుకుని, పట్నంలో బాగు చేయించి తెచ్చేదాకా పొలాలు నెర్రెలు విచ్చుకునేవి.

ఫీజు పోతే గంగారాంను పిలిచేవారు. లైన్‌మన్ మొగిలి ఒక్కడే నాలుగూళ్లకు తిరిగేవాడు. అతను వచ్చేలోగా ఇచ్చిన కరెంటు వేళ అయిపోతుంది. గంగారాంకు చెయ్యి నిలకడ ఎక్కువ. గద్దె పక్కన ఉన్న పెద్ద స్విచ్చి కిందికి లాగి, లైను తెగిందనుకున్నాక ఫీజు తీగ చుట్టేవాడు. పగలైనా, పొద్దుగూకినా, తెల్లవారకముందైనా, ఫీజు ఎప్పుడు పోతే అప్పుడు అతను వెళ్లేవాడు. పదహారుమంది రైతులు కాస్త దూరంగా నిలబడి, జాగ్రత్తరా నీ బాంచెన్ అనేవారు.

సుగుణ వచ్చిన మరుసటి వేసవిలో, ఎండాకాలం పంట పొట్టకు వస్తున్న వేళ, కరెంటాఫీసు నుంచి అసిస్టెంట్ ఇంజనీరు వసుమతి మొగిలిని వెంటబెట్టుకుని వచ్చింది. ముప్పై దాటిన మనిషి. చెప్పులు చేతబట్టుకుని ఒడ్ల మీద నడిచి మా కొట్టానికి వచ్చింది. ఊరి ఆటోలు తీసేయించమని ఆమెకు పైనుంచి ఉత్తరువు. రైతులందరూ ఆమెను నేరుగా లస్మవ్వ దగ్గరికి పంపారు. లస్మవ్వ తీస్తే మేమూ తీస్తాం అన్నారు. ఓదెలు పోయిన తీరు తెలిసినవాళ్లెవరూ ఆమెను బలవంతం చెయ్యలేరని వాళ్లకు తెలుసు. ఎవరికి వాళ్లకు తమ ఆటో ఉంచుకోవాలని ఉంది. అడ్డం పెట్టుకోవడానికి ఆమె దుఃఖం దొరికింది.

వసుమతి మోటారు కొట్టం గడప మీద కూర్చుని, లస్మవ్వకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించింది. గుట్ట కింద రాళ్ల భూమిలో సోలారు పలకలు వేస్తున్నారట. ఎండతో చేసిన కరెంటును అక్కడికక్కడే పొలాలకు ఇస్తారట. ఎండ ఉన్నప్పుడే ఇస్తారు కాబట్టి ఇక అంతా పగలే. అయితే ఎన్ని పలకలు వెయ్యాలో, ఎంత పెద్ద సబ్‌స్టేషను కట్టాలో ముందే లెక్క కట్టాలి.

"కరెంటును ఎక్కువ దాచిపెట్టలేమమ్మా. మనిషి విస్తరి ముందు కూర్చున్నాకే వండి వడ్డించాలి. ఐదేండ్ల తర్వాత పంక్తిలో ఎంతమంది కూర్చుంటారో ఇప్పుడే అనుకుని, పొయ్యి ఇప్పుడే కట్టాలి. మీ ఆటోలేమో ఆకలి లేకున్నా కరెంటు రాంగనే అన్నీ ఒకేసారి విస్తరి ముందు కూర్చుంటున్నయి. మేము అదంతా ఆకలే అనుకుని రాసుకుంటున్నం."

నా గురించి అంతవరకు ఎవరూ అంత సూటిగా మాట్లాడలేదు. వాన కురిసిన రోజు నేను పొర్లించిన నీళ్లు కూడా హైదరాబాదులో ఎక్కడో కరెంటు లెక్కల పటంలో ఒక గీతగా మారి, రైతులకు ఇంత అవసరం అని చెప్పాయన్నమాట. దాన్ని చూసి ఎవరో ఎక్కడో ఇంకొన్ని రైళ్ల బొగ్గుకు ఏర్పాటు చేసి ఉంటారు. నా అలవాటును దేశం ఆకలిగా రాసుకుంది.

లస్మవ్వ అంతా విని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"నిజమే బిడ్డా. పిలిచిన యాల్లకు మీరు ఎన్నడన్న వడ్డించిండ్రా? పగలన్నరు, రాత్రి పెట్టిండ్రు. రాత్రన్నరు, అదీ పెట్టలే. మా ఆయన మీ పిలుపు నమ్మి పోయిండు. అందుకే ఇది విస్తరి ముందల నుంచి లేస్తలేదు."

 వసుమతి చివరికి మధ్యే మార్గం చెప్పింది. తీసెయ్యకండి, కనీసం కింద గుండీలను తలా ఒక రకంగా తిప్పుకోండి, ఒకరి తర్వాత ఒకరు లేస్తారు అంది. అందరూ బుద్ధిగా తలలూపారు. మొగిలి పొలం పొలం తిరిగి గుండీలు తిప్పాడు. ఒక వారం బాగా నడిచింది. ఆ తర్వాత పక్క పొలం కొమురయ్య తన గుండీని గుట్టుగా సున్నాకు తెచ్చాడు. అతని నీళ్లు ముందు పారడం చూసి ఇంకొకరు, అది చూసి మరొకరు. గంగారాం కూడా ఒక పొద్దున అటూ ఇటూ చూసి నా గుండీని వెనక్కు తిప్పాడు. చూసేవాళ్లెవరూ లేకపోయినా అటూ ఇటూ ఎందుకు చూశాడో నాకు తెలియదు.

గుట్ట కింద పలకలు వెయ్యడం పూర్తి కావస్తుండగా ఆ ప్రమాదం జరిగింది. పొద్దుగూకే వేళ కరెంటు వచ్చింది. పదిహేడు మోటార్లు ఒక్కసారి లేచాయి. ఫీజు కొట్టేసింది. గంగారాం అప్పుడే ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. కొమురయ్య వాకిట్లోకి వచ్చి పిలిచాడు. సుగుణ కంచం పక్కన నిలబడి, తిని పోరాదా అంది. పాలు పోసుకున్న వరి, ఒక్క తడి తప్పితే తాలు పోతుంది. అతను లేచాడు.

పెద్ద స్విచ్చిలో కత్తుల్లాంటి మూడు రాగి పట్టీలుంటాయి. కిందికి లాగితే మూడూ విడాలి. ఆ రోజు ఒకటి విడలేదు. మసక వెలుతురులో అతనికి కనిపించలేదు. ఫీజు మీద చెయ్యి పెట్టగానే అది అతన్ని విసిరి పారేసింది. విసిరింది కాబట్టి బతికాడు. పట్టుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కుడి చెయ్యి మణికట్టుదాకా కాలింది. అతన్ని ట్రాక్టరు మీద పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పదహారుమంది చాలాసేపు నిలబడ్డారట. ఆ రోజు ఎవరి నీళ్ల గురించీ ఎవరూ మాట్లాడలేదు.

గంగారాం కట్టుతో ఇంటికి వచ్చాక, ఒక పొద్దున అత్తాకోడళ్లు ఇద్దరే పొలానికి వచ్చారు. ఇదంతా నేను కొట్టంలోంచి విన్నాను. లస్మవ్వ ఒడ్డు మీద గడ్డి కోస్తోంది. సుగుణ పైపు కింద బట్టలు ఉతుకుతోంది. ఆమెకు అప్పుడు ఆరో నెల. చాలాసేపు బండ మీద బట్ట చప్పుడే వినిపించింది. ఆ తర్వాత సుగుణ ఉతకడం ఆపింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు.

"అత్తమ్మా, నీ కొడుకు చీకట్ల బాయికాడికి పోవద్దని ఆటో పెట్టినవ్. నీ మాట నిలబడ్డది. ఆయన చీకట్ల బాయికాడికి పోతలేడు. ట్రాన్స్‌ఫార్మర్ కాడికి పోతున్నడు."

కొడవలి చప్పుడు ఆగింది.

"పదిహేడు ఆటోలు ఒక్కసారి లేస్తెనే గదా ఫీజు పోయేది. ఫీజు పోతెనే గదా పిలుపు వచ్చేది. మామను పాము ఒక్కసారే కరిచింది. ఇది నీ కొడుకును రోజూ పిలుస్తున్నది."

 లస్మవ్వ గడ్డి మోపు కట్టకుండానే వదిలేసి కొట్టంలోకి వచ్చింది. నా ముందు నిలబడింది. నన్ను కొన్న తర్వాత ఆమె నన్ను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. నాకు ఉద్దేశాలు ఉండవు. ఆమె చూపులో మాత్రం, నమ్మి ఇల్లు అప్పగించిన మనిషి వెనక వాకిలి తెరిచి పెట్టాడని తెలుసుకున్నవాళ్ల చూపు ఉంది. ఆ చూపు న్యాయమేనా అని నేను అడగలేను. నేను చేసింది, మూడు తీగలు వణికితే టక్కుమనడమే.

మధ్యాహ్నం మొగిలిని పిలిపించింది. సోలారు కరెంటు రావడానికి ఇంకా కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా ఉంచుకో చిన్నమ్మా, నేనేమీ అనను అన్నాడు మొగిలి. తీసెయ్యమంది. పొలం ఎండితే ఎట్లా అన్నాడు.

"ఎండితే మల్ల ఏసుకుంటం" అంది లస్మవ్వ. "తియ్యి."

మొగిలి నా తీగలు విప్పాడు. ఆమె ఊళ్లో ఎవరి దగ్గరికీ వెళ్లి మీరూ తియ్యండని చెప్పలేదు. అవసరం లేకపోయింది. ఇన్నాళ్లు ఆమె వెనక నిలబడ్డవాళ్లకు ఇప్పుడు ముందు ఎవరూ లేరు. ఆ రోజే కొందరు తీసేశారు. కొందరు పండుగలు, అమావాస్యలు అడ్డం చెప్పి నాలుగు రోజులు లాగారు. కొమురయ్య తనదాని మీద గోనెసంచి కప్పి తీసేశానన్నాడు. కప్పిన సంచిలోంచి టక్కుమన్న చప్పుడు వినిపించి, అతని భార్యే వెళ్లి పీకేసింది. ఆటోలు లేని ఆ కొద్ది రోజులూ కరెంటు వచ్చినప్పుడు ఎవరు చూస్తే వాళ్లు పక్కవాళ్లను కేకేసి పిలిచేవారు. లస్మవ్వ పొలంలో చివరి మడి తడి అందక ఎండింది. మిగతాది నిలబడింది.

నన్ను ఇంటికి తీసుకుపోలేదు. తీగలు చుట్ట చుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి, కొట్టంలోనే స్టార్టరు పైన గూట్లో పెట్టింది లస్మవ్వ. పారెయ్యలేదు, ఎవరికీ ఇవ్వలేదు. కరెంటోళ్లను నమ్మలేము, ఎందుకైనా మంచిది అంది.

గుట్ట కింది నుంచి మొదటిసారి కరెంటు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దు బారెడెక్కింది. గంగారాం చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. మోటారు వెయ్యడానికి లస్మవ్వ వచ్చింది. ఆమె జీవితంలో ఎప్పుడూ మోటారు వెయ్యలేదు. ముందు ఓదెలు వేశాడు, తర్వాత నేను వేశాను, నన్ను తీశాక ఈ కొద్ది రోజులూ సుగుణ వేసింది. పచ్చమీట మీద వేలు పెట్టి కళ్లు మూసుకుని నొక్కింది. మోటారు లేచినా వేలు తియ్యలేదు. ఇగ వదులత్తమ్మా, లేచింది అని సుగుణ నవ్వింది.

నీళ్లు వచ్చాక కూడా లస్మవ్వ గడప మీదే కూర్చుని చెవి పెట్టి వింది. మాది లేచింది. కాసేపటికి చెరువు కట్ట వైపు ఒకటి లేచింది. ఆ మోటారు మనిషి పాలకేంద్రంలో పాలు పోసి వస్తాడు. ఇంకాసేపటికి కొమురయ్యది. అతను చాయ తాగకుండా కదలడు. ఒకరు పిల్లను బడిలో దింపి వచ్చారు. ఒకరు పెళ్లాంతో పోట్లాట తెగక ఆలస్యమయ్యారు. ఒక్కొక్క మోటారే, ఎవరి తీరుబడి కొద్దీ వాళ్లది లేచింది. ట్రాన్స్‌ఫార్మరు ఒక్కసారి కూడా మూలగలేదు. తర్వాత వసుమతి వచ్చినప్పుడు మొగిలికి చెబుతుంటే విన్నాను. అందరూ ఒకేసారి లేవకపోవడానికి వాళ్ల చదువులో డైవర్సిటీ అని పేరుందట. కరెంటు లెక్కలన్నీ దాన్ని నమ్ముకునే కడతారట. పెద్ద పెద్ద కర్మాగారాలు కట్టే దేశం చివరికి కొమురయ్య చాయ మీద ఆధారపడి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

గూట్లో నేను చాలా కాలం ఉన్నాను. బల్లి ఒకటి నా కవరులో గుడ్లు పెట్టింది. మబ్బు పట్టిన రోజుల్లో కరెంటు తగ్గేది, గాలివానకు తీగలు తెగి రెండు మూడు రోజులు రాని సందర్భాలూ ఉన్నాయి. అలాంటప్పుడు లస్మవ్వ కొట్టంలోకి వచ్చి గూటి వైపు చూసేది. నన్ను దింపుతుందనుకునేదాన్ని. దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెట్టేది. తర్వాత తర్వాత తుడవడం మానేసింది. ఆ మానెయ్యడం ఎప్పుడు మొదలైందో ఆమెకూ గుర్తుండదు. మనుషులు నమ్మడం మొదలుపెట్టేది అలాగేనేమో. నమ్ముతున్నామని చెప్పరు, దుమ్ము తుడవడం మరిచిపోతారు.

నిన్న పాత ఇనుప సామాను కొనేవాడు ఊళ్లోకి వచ్చాడు. పేరు జహంగీరు. సుగుణ పుట్టింటి వీధివాడే. విరిగిన నాగలికర్రు, పగిలిన పైపు ముక్కలు, తుప్పు పట్టిన తాటి కొడవలి అన్నీ లస్మవ్వ వాకిట్లో కుప్ప పోసింది. కుప్ప పైన నన్ను పెట్టింది. గంగారాం నన్ను చూసి, ఇది కూడానా అమ్మా అన్నాడు. అతని కుడి చేతి చర్మం ఇప్పటికీ మెరుస్తూ, ముడతలు పడి ఉంటుంది.

"అది నీ పానానికి పెట్టుకున్నది బిడ్డా" అంది లస్మవ్వ. "నీ పానం నీ దగ్గర్నే ఉన్నది గదా. ఇగ దాంతోటేం పని."

జహంగీరు సామాను మోసుకుపోయేది మూడు చక్రాల ట్రాలీ ఆటో. చప్పుడు లేదు, పొగ లేదు. బ్యాటరీ బండి. సుగుణ బిడ్డను చంకనెత్తుకుని చూడటానికి బయటికి వచ్చింది. ఆ రోజు ఆమెకు ఎలాగూ పుట్టింటికి పోయే పని ఉంది. అక్కా, పట్నం దాకనే పోతున్న, ముందల కూసో అన్నాడు జహంగీరు. లస్మవ్వ కోడలి సంచి తెచ్చి సీటు మీద పెట్టింది.

"ఎక్కు పిల్లా" అంది. "నీ ఆటో ఇన్నేండ్లకు వచ్చింది."

సుగుణ మొదటి రోజు గడప మీద కూర్చుని నవ్విన నవ్వే నవ్వింది. అలా నేను, ఆమె ఒకే ఆటోలో కోనంపేట దాటాం. ఆమె ముందు సీటులో, నేను వెనక ఇనుములో.

దారిలో సుగుణ అతన్ని బండి గురించి అడిగింది. దీనికి డీజిలు ఎక్కడ పోస్తావని కాదు, కరెంటు ఎప్పుడు పెడతావని అడిగింది. ఆ ఇంట్లో ఉండి ఆమె అది నేర్చుకుంది. పొద్దంతా తిప్పుతాను, దీపాలు పెట్టే వేళ ఇంటికి పోగానే తీగ తగిలిస్తాను అని చెప్పాడు జహంగీరు. మా గల్లీలో ఇరవై దాకా ఆటోలున్నాయి, అందరం అదే వేళకు తగిలిస్తాం, ఈ మధ్య గల్లీలో ఫీజు నిలుస్తలేదు అన్నాడు. సుగుణ బిడ్డను ఒడిలో సర్దుకుని, మరి ఎవరు వేస్తున్నారు ఫీజు అని అడిగింది.

"నేనే ఏస్త" అన్నాడు జహంగీరు. "నాకు చెయ్యి నిలకడ."

 సుగుణ అతనికి గంగారాం చేతి కథ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. నాగలికర్రు కింద పడుకుని నేను కూడా విన్నాను. అందులో నా పేరు చాలాసార్లు వచ్చింది.